తెల్ల సాక్షి

301వ పోత. రేవుకు ఇంకా 26 రోజులు.

నాచులో సగం ఇసుకే. అచ్చియ్యమ్మ తెచ్చే నాచు ఇలా ఉండదు. ముప్పై ఆరేళ్లుగా నాకు నాచు తెచ్చిపోస్తున్న మనిషి, ఒక్క గుల్ల కూడా రానివ్వదు. ఇవాళ దాని కోడలు తెచ్చింది. గంప నా గుమ్మంలో దించి, "అత్తయ్యకి ఒళ్లు కాలిపోతంది పిన్నిగారూ, రెండ్రోజులైంది లేవట్లా" అంది. అత్తయ్య లేవకపోతే నువ్వు కడగలేవా అని నోటిదాకా వచ్చింది కానీ, ఆ పిల్ల మొహం చూసి ఊరుకున్నాను. నాలుగు నీళ్లలో నేనే కడుక్కున్నాను.

నా తర్వాత ఈ పొయ్యి దగ్గర ఎవరు నిలబడితే వాళ్లు ఈ పుస్తకం చూసే క్రిముల మేత కాచాలి. అందుకని వంద పోతలకోసారి, అంటే వంద సార్లు మేత కాచి పోశాక, అంతా మళ్లీ మొదటినుంచి రాస్తాను. విసుగొస్తే చదవకండి.

నాచు ఉడకబెట్టి వడకడితే వచ్చే జిగురు అగర్. అందులో చేపమాంసాన్ని బొప్పాయి పాలతో అరగదీసిన రసం, మేక పైత్యరసం, పాలచక్కెర, చిటికెడు ఎర్రరంగు కలపాలి. ఆవిరి కుండలో ఉడికించి, చెయ్యి ఓర్చుకునే వేడికి దిగాక గాజుపళ్లేల్లో పోయాలి. గడ్డకట్టాక దాని మీద రోగి మలాన్ని తీగతో గీసి, కోడిగుడ్లు పొదిగే పెట్టెలో ఒక రోజు వెచ్చగా ఉంచాలి. పైత్యరసం ఉంది కనుక కడుపులో బతకడం అలవాటైన క్రిములే మొలుస్తాయి. వాటిలో పాలచక్కెర తినేవి పులుపు పుట్టిస్తాయి, పులుపు తగిలితే రంగు గులాబీ అవుతుంది. మనందరి కడుపుల్లో కాపురం చేసే మామూలు క్రిమిది గులాబీ చుక్క. టైఫాయిడ్ క్రిమి పాలచక్కెర ముట్టదు, దాని చుక్క తెల్లగా ఉంటుంది. తెల్ల చుక్క ఉందా లేదా అని చెప్పడమే నా ఉద్యోగం.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో చుక్క వేస్తే చాలు, క్రిమి పేరు, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పే పెట్టె ఉండేది. దానికి కావలసిన గొట్టాలు గట్టు నుంచి రావడం ఆగిపోయి ఇరవై రెండేళ్లు. ఇప్పుడు దాని మీద కూర్చుని నాచు ఏరుకుంటున్నాను. ఎత్తు బాగా సరిపోయింది.

మేత సరిగా ఉందో లేదో చెప్పడానికి సాక్షులు కావాలి. ప్రతి పళ్లేన్నీ మూడు భాగాలు చేస్తాం. ఒకదాంట్లో గులాబీ సాక్షి, ఒకదాంట్లో తెల్ల సాక్షి, మూడోదాంట్లో రోగిది గీస్తాం. తెల్ల సాక్షి ఎవరికీ హాని చెయ్యని సాధు క్రిమి, పాలచక్కెర తినదు, అంతే. గులాబీది గులాబీగా, తెల్లది తెల్లగా మొలిస్తేనే ఆ పళ్లెం మాట నమ్మాలి. మేత కాచినవాళ్లు సాక్షుల్ని ముట్టుకోకూడదు. సాక్షులు ఇంకో ఇంట్లో, ఇంకో మనిషి దగ్గర ఉండాలి. ఆ మనిషి వాటిని దూది బిరడా పెట్టిన గాజుగొట్టాల్లో, నడుముకు కట్టుకున్న సంచిలో, తన ఒంటి వెచ్చదనంతో బతికించాలి.

ఇద్దరూ చుట్టాలు కాకూడదని కూడా ఉంది. ఆ ఒక్క నియమాన్నీ తప్పించింది నేనే. మా సాక్షి మనిషి పేరంటాలు పదకొండేళ్లుగా నా దగ్గర పని నేర్చుకుంది. ఆరేళ్ల కిందట మా తమ్ముడు నాంచారయ్యను చేసుకుని నాకు మరదలైంది. సభలో గొడవైతే, "దాని చేతికి నా చెయ్యి పూచీ" అని లేచి అరిచిన మనిషిని నేను.

మధ్యాహ్నం పేరంటాలు వచ్చి సాక్షుల్ని గీసి వెళ్లింది. పోతూ పోతూ నా అలమార తెరిచి కప్పులు తీసి టీ కూడా పెట్టింది.

303వ పోత. రేవుకు ఇంకా 22 రోజులు.

తొమ్మిదో తెప్ప నుంచి వచ్చిన ఆరు పళ్లేలూ గులాబీ. ఆ తెప్ప మీదే ఉండే అచ్చియ్యమ్మదీ గులాబీయే. సాక్షులు రెండూ చక్కగా ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను.

ఆ హమ్మయ్యకు కారణం రాయాలి. ఒడ్డున గోడ కట్టుకుని ఉన్నవాళ్లను మేం గట్టు అంటాం. తుఫాను నెలల్లో, సముద్రం మీద తెప్పలు కట్టుకుని బతికే మా రెండు వేల మందినీ, తెప్పలన్నిటితో సహా, తమ రేవులోకి రానిస్తారు. ఒకటే షరతు. అంతకుముందు నూరు రోజులు ఊళ్లో తెల్ల చుక్క కనబడకూడదు. కనబడితే నేను నా తెప్ప స్తంభానికి తెల్లగుడ్డ ఎత్తాలి. అది ఎత్తే హక్కు మేత కాచేవాళ్లకు తప్ప ఊరిని నడిపే సరంగుకు కూడా లేదు. గుడ్డ లేస్తే వైద్యం తెప్పలోని మందుల పెట్టె తెరుచుకుంటుంది, గట్టు రేవు మూసుకుంటుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి.

పధ్నాలుగేళ్ల కిందట నేను ఆ గుడ్డ ఎత్తాను. ఆ ఏడు తుఫాను నలభై మూడు తెప్పల్ని పట్టుకుపోయింది. అందులో మా ఆయన ఉన్నాడు. పేరంటాలు అమ్మా నాన్నా ఉన్నారు. మూడేళ్ల తర్వాత ఆ పిల్ల వచ్చి, "నాకీ పని నేర్పు" అన్నప్పుడు నన్ను క్షమించిందనుకున్నాను.

నాంచారయ్యకు కూడా జ్వరం వచ్చింది. వాడు ఆ మధ్య తొమ్మిదో తెప్పకు వలలు అల్లడానికి వెళ్లాడు. వాడి పళ్లెం కూడా గులాబీయే.

306వ పోత. రేవుకు ఇంకా 16 రోజులు.

నాంచారయ్య లేచి కూర్చున్నాడు. ఐదో రోజుకే జ్వరం దిగింది. పండుగప్ప పులుసు కావాలట! తిట్టి, వండి పెట్టాను. వాడికి నలభై ఆరేళ్లొచ్చినా నా కళ్లకు పదేళ్లవాడే.

తొమ్మిదో తెప్ప సంగతి బాగాలేదు. పదకొండు మంది పడుకున్నారు. ఎవరికీ జ్వరం దిగడం లేదు. మేక నెత్తురు కలిపిన మేత కూడా కాచి, గొంతు జబ్బు క్రిములేమైనా ఉన్నాయేమో చూశాను. ఏమీ లేవు. సరంగు వీరరాఘవులు కబురు పంపాడు: "ఎండ జ్వరమమ్మా, పళ్లేలు గులాబీ అంటే ఇంకా అనుమానమేంటి?"

అచ్చియ్యమ్మకు రోజూ గంజి పట్టుకెళ్తున్నాను. తమ్ముడి ఇంటి మీదుగానే దారి. ఇవాళ అచ్చియ్యమ్మ గంజి తోసేసింది.

"కడుపులో కత్తులు పెట్టి తిప్పుతున్నట్టుందే. నీ పళ్లెం ఏమంటంది?"

"ఏం లేదంటోంది. ఎండ జ్వరం. తాగు."

"నీ పళ్లేనికి నా కడుపునొప్పి తెలీదేమో."

"ఎక్కువ మాట్లాడకు. నీకన్నా అదే నయం, అబద్ధం చెప్పదు" అన్నాను. అచ్చియ్యమ్మ నవ్వి గంజి తాగింది. నా మాట మీద తాగింది.

309వ పోత. రేవుకు ఇంకా 10 రోజులు.

తొమ్మిదో తెప్పలో ఇద్దరు పోయారు. ఒకడు పడవలు చేసే అప్పలస్వామి, ఇంకొకరు బడి చెప్పే రత్తమ్మ టీచరు. ఇద్దరి పళ్లేలూ గులాబీ అని సంతకం పెట్టిన చెయ్యి నాదే.

ఎండ జ్వరం రెండు వారాలు ఉండదు. అచ్చియ్యమ్మ పొట్ట మీద చిన్న చిన్న ఎర్ర మచ్చలు చూశాను. మా గురువుగారు టైఫాయిడ్ గురించి చెప్పినప్పుడు ఆ మచ్చల సంగతి మొదట చెప్పారు. కానీ పళ్లెం గులాబీ. ఎవర్ని నమ్మాలి? నాకు నా చెయ్యి మీదే అనుమానమొచ్చింది. యాభై నాలుగేళ్లొచ్చాయి, కళ్లు మసకబారాయేమో, తీగ సరిగా కాల్చడం లేదేమో అని నన్ను నేనే తిట్టుకున్నాను. పేరంటాలును పిలిచి నా పక్కన నిలబడి చూడమన్నాను. చూసింది.

"నువ్వు గీసింది బానే ఉందొదినా. అలిసిపోయావు. రేపు నేను కాస్తాలే మేత."

"మేత కాచేది నేను. సాక్షులు నీవి. కలపకు" అన్నాను. చివరికి దాని మంచికే కదా చెప్పింది అనుకుని, దగ్గరికి తీసుకుని తల నిమిరాను కూడా. అది గుర్తొస్తే ఇప్పుడు చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది. కానీ ఆ రోజు రాసింది అలాగే ఉంచుతున్నాను, ఈ రెండు వాక్యాలు మాత్రం తర్వాత చేర్చాను.

310వ పోత. రేవుకు ఇంకా 8 రోజులు.

ఒక మేత చెప్పనిది ఇంకో మేత చెబుతుంది. ఆ చదువు చెప్పిన నేనే మరిచిపోయాను. ఇనుప ఉప్పు కలిపిన మేతను గొట్టంలో ఏటవాలుగా గడ్డకట్టిస్తే, టైఫాయిడ్ క్రిమి అందులో సన్నటి నల్లమీసం లాంటి గీత పెడుతుంది. దానికి పదేళ్లుగా అవసరం పడలేదు. పొద్దున్నే ఆ మేత నాలుగు గొట్టాల్లో కాచి పెట్టుకుని, అచ్చియ్యమ్మ పళ్లెం తీసి మూత ఎత్తాను, ఒక చుక్కను తీగతో ఎత్తి గొట్టంలో గుచ్చుదామని.

పళ్లేల్ని మేం ఎప్పుడూ కింది గాజులోంచే చూస్తాం. మూత తియ్యం. 'పళ్లెం వాసన చూడరాదు' అని గోడ మీద నా చేత్తోనే రాసి ఉంది. కానీ ముక్కు గోడ మీది రాత చదవదు కదా.

ద్రాక్షపళ్ల వాసన.

మొదట నవ్వొచ్చింది. ముప్పై ఆరేళ్లయింది నేను ద్రాక్షపండు చూసి. ఈ తెప్పల మీద పుట్టినవాళ్లకు ఆ పండు పేరు కూడా తెలియదు. మేం నేల వదిలిన ఏడు నాన్న బందరు నుంచి వస్తూ కాగితం పొట్లంలో రెండు గుత్తులు తెచ్చాడు, నల్లవి, బాగా మగ్గినవి. నాకు పద్దెనిమిది, నాంచారయ్యకు పది. పెద్ద గుత్తి వాడికిచ్చాను. గింజలు కూడా ఉమ్మకుండా తినేశాడు వెధవ.

ఆ వాసన పళ్లేనికి ఎందుకొచ్చింది? ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కో భాగం చూశాను. గులాబీ సాక్షికి మామూలు కంపు. అచ్చియ్యమ్మ భాగానికీ అంతే. వాసన తెల్ల సాక్షి నుంచి వస్తోంది. మా తెల్ల సాక్షికి పన్నెండేళ్లుగా ఏ వాసనా లేదు, అప్పటి సాక్షి మనిషి దాన్ని తొలిసారి గొట్టంలోకి ఎక్కించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కళ్లజోడు పెట్టుకుని చూస్తే ఆ చుక్కల అంచుల్లో సన్నగా పచ్చటి ఛాయ. ఇది వేరే క్రిమి. మురుగు నీళ్లలో ఉంటుంది. దానికి పాలచక్కెరే కాదు, గ్లూకోజ్ ఇచ్చినా పులుపు పుట్టించదు. మేతలో ఏం కలిపినా అది తెల్లగానే ఉంటుంది.

అలమార తెరిచి పాలచక్కెర డబ్బా తీశాను. పాలచక్కెర నాలుక మీద ఇసుకలా గరగరలాడుతుంది, తీపి ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. చిటికెడు నోట్లో వేసుకున్నాను. చల్లగా, తియ్యగా కరిగిపోయింది.

గ్లూకోజ్. జ్వరాలవాళ్లకు నీళ్లలో కలిపి ఇచ్చే గ్లూకోజ్. దాన్ని ప్రతి కడుపు క్రిమీ తింటుంది. టైఫాయిడ్ క్రిమి కూడా తింటుంది, తిని గులాబీ రంగు వేసుకుని మామూలు క్రిముల మధ్య కూర్చుంటుంది. అసలు తెల్ల సాక్షి ఉండి ఉంటే అది కూడా గులాబీగా మారి మోసం బయటపెట్టేది. అందుకే సాక్షిని మార్చారు.

నా అలమార తెరిచే చెయ్యి ఈ ఊళ్లో నాది కాక ఇంకొక్కటే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. మేకపాలు విరగ్గొట్టి, తేట తీసి, ఆ తేటనే పాలచక్కెరకు బదులుగా పోసి కొత్త మేత కాచాను. జ్వరంతో ఉన్న పద్నాలుగు మందివీ గీశాను, ఇనుప మేత గొట్టాలు నాలుగూ గుచ్చాను. దీనికి పోత అంకె వెయ్యడం లేదు.

రేవుకు ఇంకా 7 రోజులు.

పద్నాలుగు పళ్లేల్లో పదమూడింట తెల్ల చుక్కలు. మజ్జిగ చిలికినట్టు తెల్లగా. ఇనుప మేత గొట్టాలు నాలుగింటిలోనూ నల్లమీసం.

పేరంటాలును పిలిపించి పళ్లేలు దాని ముందు పరిచాను. ఒక్కసారి చూసింది. అబద్ధమాడడానికి కూడా ప్రయత్నించలేదు. సంచిలోంచి తెల్ల సాక్షి గొట్టం తీసి బల్ల మీద పెట్టింది.

"ఎట్టా పట్టుకున్నావు?"

"వాసన వచ్చింది."

"దానికి ఏదో తియ్యటి కంపుంది. మురుగు కంపే అనుకున్నా."

"ద్రాక్షపళ్ల వాసనే అది."

"అదేంటి?" అంది. నిజంగానే అడిగింది.

తర్వాత అంతా చెప్పింది. 295వ పోతలో తొమ్మిదో తెప్ప పళ్లెంలో ఒకే ఒక్క తెల్ల చుక్క మొలిచింది. ఆ పొద్దున నాకన్నా ముందు వచ్చింది అది. ఆ పళ్లేన్ని మరిగే నీళ్లలో వేసి, సరంగు దగ్గరికి వెళ్లింది. సరంగు వద్దనలేదు. మురుగునీళ్ల కుండీల అడుగున వెతికి వెతికి, గ్లూకోజ్ తిన్నా తెల్లగానే ఉండే క్రిమిని పట్టుకుంది. పదిహేను రకాలు పెంచి చూసిందట. ఎలా వెతకాలో, ఏ మేతలో ఏది ఎలా ఉంటుందో దానికి నేర్పింది ఎవరు? నేనే, వేలు పట్టుకుని.

"ఇద్దరు పోయారే, పేరంటాలూ."

"తెలుసు. రోజూ లెక్కపెట్టుకుంటన్నా. అప్పుడెంతమంది పోయారో కూడా నాకు లెక్క తెలుసొదినా. నూట తొంభై ఆరు. మా అమ్మని, నాన్నని నువ్వు గుడ్డెత్తి పంపేశావు. నువ్వు తప్పు చేశావని నేనెప్పుడూ అన్లేదు. మళ్లీ అట్టా జరగనివ్వనని మాత్రం అనుకున్నా."

"నా తమ్ముడి జ్వరం ఐదు రోజుల్లో ఎలా దిగింది?"

తల వంచుకుంది. సరంగు వాటాకు గట్టు ఇచ్చే మందులో ఒక మనిషికి సరిపడా మాత్రలు తెచ్చి వేసిందట.

"ఆయనకేం తెలీదు. బలం మాత్తర్లని చెప్పి వేశా. ఆయన్నేం అనమాక."

ఆ ఒక్క మాట పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాను. నాంచారయ్యకు తెలియదు. ఈ ఊళ్లో ఇంకా ఒక్కడు మిగిలాడు నాకు.

సాయంత్రం సరంగు వీరరాఘవులు తనే వచ్చాడు. మంచి మనిషి, నాకు ఎప్పుడూ ఎదురుచెప్పి ఎరగడు. బల్ల మీద పొట్లం పెట్టాడు.

"భ్రమరాంబగారూ, నా వాటాలో ఇంకొక్కరికి సరిపడా ఉన్నయ్యి. అచ్చియ్యమ్మగారికి వేసెయ్యండి. ఏడంటే ఏడు రోజులు ఓపిక పట్టండి. రేవులో దిగగానే నేనే చెప్తా, మందుల పెట్టె తెరిపిస్తా."

"మిగతా పన్నెండు మంది?"

"రెండు వేల మందండీ మనం" అన్నాడు.

పొట్లం తీసుకున్నాను. దాచడమెందుకు, తీసుకున్నాను.

రేవుకు ఇంకా 6 రోజులు.

పొద్దున్నే పొట్లం రొంటిన దోపుకుని తొమ్మిదో తెప్పకు వెళ్లాను. అచ్చియ్యమ్మ కళ్లు లోపలికి పోయాయి, పెదాలు పగిలాయి. నన్ను గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది. పక్కనే చాప మీద కోడలు ముడుచుకుని పడుకుంది. నిన్నటి నుంచి దానికీ జ్వరం. ఇసుక నాచు తెచ్చిందని నేను మనసులో తిట్టుకున్న పిల్ల.

"నీ పళ్లెం చెప్పింది అబద్ధమే. టైఫాయిడే. మాత్రలు తెచ్చాను, మింగు" అన్నాను.

అచ్చియ్యమ్మ పొట్లం వైపు చూసింది. "దీనికో?" అంది కోడలిని చూపించి.

"ఒక్కరికే ఉన్నాయి."

"మరి ఒక్కరికే ఎందుకు తెచ్చావే?"

పొట్లం దాని దిండు పక్కన పెట్టి, ఇద్దరిలో ఎవరు మింగుతారో చూడకుండా లేచి వచ్చేశాను. వచ్చి గుడ్డ తీశాను. పధ్నాలుగేళ్లుగా పెట్టె అడుగున ఉండి పసుపు రంగుకు తిరిగింది. తెలుపు లాగా కనబడుతుందో లేదోనని ఉతికి, తడిగుడ్డే స్తంభానికి ఎత్తాను. మా ఆయన గుర్తొచ్చాడు. అయినా ఎత్తాను. సాక్షులు అబద్ధం చెప్పే ఊరిని రేవులోకి తీసుకెళ్లినా, వచ్చే ఏడు ఆ ఊళ్లో ఏ జబ్బు పేరూ ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నానికి గట్టు బురుజు మీద ఎర్రదీపం వెలిగింది. అంటే చూశారన్నమాట. రేవు మూశారు.

రేవు లేదు. మొదటి రోజు.

వైద్యం తెప్పలో పెట్టె తెరిచారు. తొమ్మిదో తెప్పలో అందరికీ మందు పడింది. సరంగు ఇచ్చిన పొట్లం దిండు పక్కన విప్పకుండా అలాగే ఉందట. కోడలు ముందు మింగాలని అత్త, అత్త ముందు మింగాలని కోడలు.

నా తెప్ప మీదికి ఎవరూ రావడం లేదు. నీళ్ల పడవ నా కుండ నింపకుండా వెళ్లిపోయింది. నలభై మూడు తెప్పలవాళ్ల చుట్టాలు ఈ ఊళ్లో లేని గడప లేదు. ఒకావిడ నా గుమ్మం ముందు నిలబడి, "మొగుణ్ణి మింగింది చాలక మళ్లీ మొదలెట్టింది" అని అందరికీ వినబడేలా అంది. నేను అంతకన్నా పెద్ద మాటలు నన్ను అనుకుని ఉన్నాను.

పేరంటాలును సాక్షి పని నుంచి తీసేశారు. సరంగును మాత్రం ఏమీ అనలేదు. తాళ్లు కట్టించడానికి ఆయన కావాలి కదా!

రేవు లేదు. నాలుగో రోజు.

అచ్చియ్యమ్మకు జ్వరం దిగుతోంది. ఇవాళ గంజి తాగి, ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది. కోడలు కూడా తేరుకుంటోంది.

తూర్పున మబ్బు కట్టింది. గాలి ఎదురు తిరిగింది. అందరూ తెప్పల్ని ఒకదానికొకటి కట్టుకుంటున్నారు. నా తెప్పకు తాడు వెయ్యడానికి ఎవరూ రాలేదు. మధ్యాహ్నం నాంచారయ్య వచ్చాడు, భుజం మీద రెండు చుట్టల తాడుతో.

"అక్కాయ్, తాళ్లు కడతా" అన్నాడు.

వాణ్ణి చూడగానే నాకు ఏడుపొచ్చింది. నాలుగు రోజులుగా రాని ఏడుపు. వాడు నాలుగు మూలలా ముళ్లు వేశాడు. ఈ ఊళ్లో ముడి వెయ్యడంలో వాణ్ణి మించినవాడు లేడు. పధ్నాలుగేళ్ల కిందటి తుఫానులో వాడు కట్టిన తెప్ప ఒక్కటీ పోలేదు. మా ఆయన తన తెప్ప తనే కట్టుకున్నాడు.

ఆఖరి ముడి బిగించి, దాని పక్కనే కూర్చున్నాడు.

"నీకొకటి చెప్పాలక్కాయ్. పేరంటాలు నీతో అబద్ధం చెప్పింది, నాకేం తెలీదని. నా కోసం అట్టా అంది."

నేను నిలబడే ఉన్నాను.

"అది ఆ గొట్టం మొదటిసారి నడుముకి కట్టుకొచ్చిన రోజే నాకు వాసన తెలిసింది. మంచం మీద పడుకున్నా. దాని సంచిలోంచి ద్రాక్షపళ్ల వాసన. నాన్న తెచ్చిన పొట్లం గుర్తొచ్చింది. నువ్వు నాకిచ్చిన గుత్తి గుర్తొచ్చింది. ఇదేంటే అని అడిగా. అంతా చెప్పింది."

"చెప్పాక?"

"ఏం చెయ్యమంటావు? తుఫానొస్తే పోతామని భయమేసింది. తర్వాత నాకు జొరమొచ్చింది. ఏం మాత్తర్లో తెలిసే మింగాను."

"నేను అచ్చియ్యమ్మకి గంజి పట్టుకుని రోజూ మీ గుమ్మం ముందునుంచే పోయానురా."

"చూశాను" అన్నాడు.

మిగిలిన తాడు చుట్టుకుని, పడవెక్కి వెళ్లిపోయాడు. పేరంటాలుకు ద్రాక్షపండంటే తెలియదు, సరంగుకు తన రెండు వేల మంది ఉన్నారు. వాడికి ఆ వాసన తెలుసు. ఆ పండు వాడికి తినిపించిన చెయ్యి తెలుసు. నేను గుర్తొచ్చాను కూడా. గుర్తొచ్చే ఊరుకున్నాడు. నా సొంత తమ్ముడు నన్ను మోసం చేశాడు. ఇది రాయడానికి ఇంతకన్నా మంచి మాట వెతికాను, దొరకలేదు.

రేపు 311వ పోత పొయ్యాలి. తొమ్మిదో తెప్పవాళ్లవి మళ్లీ చూడాలి. సాక్షి మనిషి ఎవరూ లేరు కనుక ఎప్పుడో ఆరబెట్టి దాచి ఉంచిన పాత తెల్ల సాక్షి గొట్టం ఒకటి తీసి నీళ్లలో నానబెట్టాను. లేస్తుందో లేదో తెలియదు. అది లేచేదాకా నా పళ్లేల మాట ఎవరూ నమ్మనక్కర్లేదు.

గాలి పెరుగుతోంది. రాయడం ఆపి బయటికి వెళ్లి, నాంచారయ్య వేసిన ముళ్లు నాలుగూ విప్పాను. గోళ్లు విరిగాయి, అంత గట్టిగా వేశాడు. విప్పి, అదే తాడుతో మళ్లీ నేనే కట్టుకున్నాను. నా ముళ్లు వాడి ముళ్లంత గట్టివి కావు.